బైబిల్లో 66 పుస్తకాలా, 73 పుస్తకాలా? ఈ పట్టికను ఎవరు, ఎప్పుడు ఖాయం చేశారు?

తెనాలి చదువరి

అందరికీ నమస్కారం. మా ఇంట్లో తరతరాలుగా చదివే బైబిల్లో 66 పుస్తకాలున్నాయి. మా పిన్ని కోడలు ఆర్‌.సి.ఎం. (రోమన్ కాథలిక్) కుటుంబం నుంచి వచ్చింది. ఆమె బైబిల్లో తోబీతు, యూదితు, మక్కబీయులు, బారూకు వంటివి కలిపి 73 ఉన్నాయి. మా పెద్దవాళ్లేమో వాటిని వాళ్లు తరవాత చేర్చుకున్నారంటారు. ఆ అమ్మాయి, ఉన్నవాటిని మీరే తీసేశారంటుంది. ఇద్దరిలో ఎవరూ ఏ సంవత్సరంలో, ఎక్కడ, ఎవరి నిర్ణయంతో అన్నది చెప్పలేకపోతున్నారు. అసలు ఈ పట్టిక ఎలా తయారైందో చరిత్ర తెలిసినవారు చెప్పగలరా? సంఘాల మధ్య వాదం పెట్టాలని కాదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

విశాఖ అల

క్రీ.శ. 325లో నైసియా మహాసభ జరిగింది కదా. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి బిషప్పులందరినీ పిలిపించి, ఏ సువార్తలు ఉండాలి, ఏవి పోవాలి అని ఓటింగ్ పెట్టించాడని విన్నాను. అప్పటిదాకా పదుల సంఖ్యలో సువార్తలు ఉండేవట. నాలుగే మిగిల్చి మిగతావి కాల్పించాడంటారు. దీని మీద వీడియోలు కూడా చాలా ఉన్నాయి.

పాతప్రతులు

విశాఖ అల గారూ, ఈ మాట చాలామంది నమ్ముతున్నారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

నైసియా సభ చేసిన తీర్మానాలు మనకు దొరుకుతున్నాయి. అవి 20. బిషప్పుల నియామకం, హింసాకాలంలో విశ్వాసం వదులుకున్నవారిని తిరిగి ఎలా చేర్చుకోవాలి, గురువులు వడ్డీ వ్యాపారం చేయకూడదు, ఇలాంటి విషయాలు. వీటితో పాటు క్రీస్తు సృష్టించబడినవాడన్న ఆరియస్ బోధ మీద విశ్వాస ప్రమాణం, ఈస్టరు తేదీ గురించిన నిర్ణయం ఉన్నాయి. ఏ పుస్తకాలు లేఖనాలు అన్న తీర్మానం ఆ ఇరవైలో ఒక్కటీ లేదు. సభలో స్వయంగా కూర్చున్న కైసరయ బిషప్ యూసేబియస్ గానీ అతనాసియస్ గానీ అలాంటి చర్చ జరిగిందని ఎక్కడా రాయలేదు.

మరి కథ ఎక్కడిది? తొమ్మిదో శతాబ్దం చివరిలో గ్రీకులో సంకలనమైన ఒక సభల చరిత్రలో ఇది కనబడుతుంది. పుస్తకాలన్నీ బలిపీఠం దగ్గర పెట్టి ప్రార్థించారనీ, నిజమైనవి పైన నిలిచాయనీ, కల్పితమైనవి కిందికి పోయాయనీ అందులో ఉంది. నైసియాకు ఐదు వందల ఏళ్ల తరవాతి మాట అది. పద్దెనిమిదో శతాబ్దంలో వోల్టేర్ దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. మన కాలంలో ఒక నవల, దాని మీద తీసిన సినిమా దాన్ని ఇంటింటికీ చేర్చాయి.

ఇంకో సాక్ష్యం చూడండి. సుమారు 350లో జెరూసలేము బిషప్ సిరిల్ ఇచ్చిన కొత్త నిబంధన పట్టికలో ప్రకటన గ్రంథం లేదు. నాజియాంజస్ గ్రెగరీ పట్టికలోనూ లేదు. 367లో అతనాసియస్ ఇచ్చిన పట్టికలో ఉంది. 325లోనే మహాసభ తేల్చేసి ఉంటే, ఆ సభను తలమీద పెట్టుకునే ఈ బిషప్పులే తరవాత తలో పట్టిక ఇవ్వరు.

విశాఖ అల

ఓటింగ్ సంగతి సరే. కాని కాన్‌స్టాంటైన్ 50 బైబిళ్లు రాయించాడన్నది చరిత్రే కదా? రాజు డబ్బిచ్చి రాయించినప్పుడు అందులో ఏముండాలో రాజే చెప్పి ఉంటాడు. ఆ ప్రతులే ప్రమాణం అయి ఉండవచ్చు.

పాతప్రతులు

ఆ 50 ప్రతుల సంగతి నిజం. చక్రవర్తి తనకు రాసిన ఉత్తరాన్ని యూసేబియస్ తన కాన్‌స్టాంటైన్ చరిత్రలో ఎత్తి రాశాడు. కాన్‌స్టాంటినోపుల్‌లో కొత్తగా కడుతున్న ఆలయాల కోసం మంచి తోలు కాగితం మీద, చదవడానికి తేలికగా, మోసుకుపోవడానికి వీలుగా, ఆరితేరిన లేఖకుల చేత 50 ప్రతులు రాయించమన్నాడు. వాటిని చేరవేయడానికి రెండు ప్రభుత్వ బండ్లు వాడుకోమన్నాడు. అంత వివరంగా రాసిన ఉత్తరంలో ఏ పుస్తకాలు పెట్టాలో ఒక్క ముక్క లేదు. ఎంపికను బిషప్‌కే వదిలేశాడు.

ఆ బిషప్ అభిప్రాయం కూడా మనకు తెలుసు. తన సంఘ చరిత్ర మూడో భాగంలో యూసేబియస్ పుస్తకాలను విడదీసి చూపించాడు. అందరూ ఒప్పుకున్నవి ఒక వరుస: నాలుగు సువార్తలు, అపొస్తలుల కార్యములు, పౌలు పత్రికలు, 1 పేతురు, 1 యోహాను. కొందరు కాదంటున్నా చాలామందికి తెలిసినవి ఇంకో వరుస: యాకోబు, యూదా, 2 పేతురు, 2 యోహాను, 3 యోహాను. ప్రకటన గ్రంథాన్ని మాత్రం ఒప్పుకున్నవాటిలోనూ, కల్పితాల్లోనూ, రెండు చోట్లా పేర్కొన్నాడు. కొందరు అటు, కొందరు ఇటు ఉన్నారని చెప్పి అలాగే ఉంచేశాడు. నాలుగో శతాబ్దం మొదట్లో ఒక పెద్ద పండితుడి బల్ల మీద పరిస్థితి ఇది.

సండేస్కూల్ అక్క

చాలా బాగా చెప్పారండీ. అయితే నా సందేహం అంతకు ముందుది. సభ పెట్టి తేల్చకపోతే నాలుగు సువార్తలు, పౌలు పత్రికలు ఒక గుత్తిగా ఎలా చేరాయి? పిల్లలకు చెప్పేటప్పుడు అపొస్తలులు రాశారు, సంఘం దాచుకుంది అని ఒక్క మాటలో దాటేస్తున్నాం.

చరిత్ర మాస్టారు

అక్కగారూ, మీ ప్రశ్నకు జవాబు కొత్త నిబంధనలోనే మొదలవుతుంది. కొలొస్సయులకు 4:16లో పౌలు, ఈ పత్రిక మీరు చదివాక లవొదికయ సంఘంలోనూ చదివించండి, అక్కడిది మీరు చదవండి అంటాడు. అంటే ఒక సంఘానికి రాసింది పక్క సంఘానికి పోతోంది, నకలు అవుతోంది. సుమారు 150లో రోములో జస్టిన్ రాసినదాన్ని బట్టి, ఆదివారం కూడికలో అపొస్తలుల జ్ఞాపకాలు గానీ ప్రవక్తల గ్రంథాలు గానీ సమయం ఉన్నంత వరకు చదివేవారు. అపొస్తలుల రచనలు ప్రవక్తల పక్కన కూర్చోవడం అన్నది ముందు ఆరాధనలో జరిగింది. పట్టిక ఆ తరవాత వచ్చింది. నా మటుకు ఈ చరిత్ర మొత్తానికి ఇదే కీలకం. ముందు చదివారు, తరవాత లెక్కపెట్టారు.

లెక్కపెట్టాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, వేరేవాళ్లు లెక్క చెప్పారు కాబట్టి. నల్లసముద్రం ఒడ్డున సినోపే నుంచి మార్సియోను అనే ఓడల యజమాని రోముకు వచ్చాడు. సంఘానికి రెండు లక్షల సెస్టెర్సుల విరాళం ఇచ్చాడు. పాత నిబంధన దేవుడు, యేసు చెప్పిన తండ్రి ఒకరు కారని బోధించాడు. లూకా సువార్తలో తనకు నచ్చని భాగాలు కోసేసి, దానికి పౌలు పత్రికలు పది కలిపి, ఇదే లేఖనం అన్నాడు. 144లో సంఘం అతన్ని వెలివేసి విరాళం కూడా తిరిగి ఇచ్చేసింది. మనకు తెలిసినంతలో క్రైస్తవ గ్రంథాలకు గీత గీసిన మొదటి పట్టిక అతనిదే. దానికి జవాబుగానే సంఘం పట్టిక వేసిందని కొందరు పండితులు అంటారు. అంత దూరం వెళ్లనక్కరలేదని నా అభిప్రాయం, ఎందుకంటే మార్సియోను కోయడానికి లూకా సువార్త, పోగు చేసుకోవడానికి పౌలు పత్రికల సంపుటి అప్పటికే ఉన్నాయి. కాని మీవి ఏవి అని సూటిగా అడిగేలా చేసింది మాత్రం అతనే.

సుమారు 180లో లియాన్ బిషప్ ఐరేనియస్ సువార్తలు నాలుగే, ఎక్కువా తక్కువా కావు అని తేల్చి చెప్పాడు. లోకానికి నాలుగు దిక్కులు, నాలుగు గాలులు ఉన్నట్టే సువార్తలూ నాలుగు అన్నాడు. ఈ వాదం ఈనాడు మనకు బలంగా అనిపించకపోవచ్చు. కాని నైసియాకు 145 ఏళ్ల ముందే గాల్‌లో (నేటి ఫ్రాన్స్) ఒక బిషప్‌కు నాలుగు అన్న సంఖ్యలో సందేహం లేదన్నది గమనించాలి.

పాతప్రతులు

మాస్టారి మాటకు ఒకటి జత చేస్తాను. 1740లో మురటోరి అనే ఇటలీ పండితుడు మిలాన్‌లోని అంబ్రోసియన్ గ్రంథాలయంలో దొరికిన ఒక లాటిన్ ముక్కను అచ్చు వేయించాడు. రాతప్రతి ఏడు, ఎనిమిది శతాబ్దాలది. లోపలి పట్టిక అంతకన్నా చాలా పాతది. రెండో శతాబ్దం చివరిదని చాలామంది, నాలుగో శతాబ్దానిదని కొందరు అంటారు. మొదలు పోయింది, "మూడో సువార్త లూకా" దగ్గర అందుకుంటుంది. నాలుగు సువార్తలు, కార్యములు, పౌలు పత్రికలు 13, యూదా, ప్రకటన ఉన్నాయి. హెబ్రీయులకు, యాకోబు, పేతురు పత్రికలు లేవు. మనం ఊహించని సొలోమోను జ్ఞానగ్రంథం ఇందులో ఉంది! పేతురు పేరుతో ఉన్న ప్రకటన గురించి, మాలో కొందరు దీన్ని సంఘంలో చదవనివ్వరు అంటుంది.

నాకు బాగా నచ్చేది హెర్మాస్ రాసిన 'కాపరి' మీద వచ్చే వాక్యం. ఈమధ్యనే, మన కాలంలోనే, రోములో పియస్ బిషప్‌గా ఉన్నప్పుడు రాసినది. చదువుకోవచ్చు గాని, ప్రవక్తలతోనూ అపొస్తలులతోనూ కలిపి సంఘంలో ప్రజలకు చదవకూడదు. పుస్తకం చెడ్డదని అనలేదు. కాలం ఆలస్యమైందన్నారు, అంతే. అయినా నాలుగో శతాబ్దపు సైనాయ్ ప్రతిలో ప్రకటన గ్రంథం తరవాత బర్నబా పత్రిక, ఈ కాపరి రెండూ రాసి ఉన్నాయి. ఐదో శతాబ్దపు అలెగ్జాండ్రియా ప్రతిలో క్లెమెంట్ పత్రికలు ఉన్నాయి. గీత ఒక్కసారిగా పడలేదు.

సండేస్కూల్ అక్క

అంటే పరీక్ష ఏమిటి? అపొస్తలుడి పేరుంటే చాలా?

చరిత్ర మాస్టారు

పేరు చాలదు. అంతియొకయ బిషప్ సెరాపియోను సంగతి వినండి. రెండో శతాబ్దం చివర రోసస్ అనే ఊరి సంఘంవారు పేతురు సువార్త అనే పుస్తకం చదువుకోవచ్చా అని అడిగారు. ఆయన దాన్ని తెరిచి చూడకుండానే, దీనివల్లే గొడవైతే చదువుకోండి అన్నాడు. తరవాత దాని మాటున తప్పు బోధ నడుస్తోందని విని, ఒక ప్రతి సంపాదించి చదివాడు. చాలా భాగం సరైన బోధే, కొన్ని చోట్ల అదనంగా కలిపినవి ఉన్నాయి అని జాబితా రాసి పంపి ఆపించాడు. పేతురునూ ఇతర అపొస్తలులనూ క్రీస్తును చేర్చుకున్నట్టే చేర్చుకుంటాం గాని, వారి పేరు పెట్టుకుని వచ్చిన తప్పుడు రచనలను కాదంటాం అన్నాడు. ఆ పేతురు సువార్తలో ఒక భాగం 1886-87 శీతకాలంలో ఈజిప్టులోని అఖ్మీమ్ సమాధుల తవ్వకంలో బయటపడింది.

కార్తేజి రచయిత తెర్తుల్లియన్ ఇంకో సంగతి చెబుతాడు. ఆసియాలో ఒక సంఘపెద్ద పౌలు మీద ప్రేమతో పౌలు కార్యములు అనే పుస్తకం కల్పించాడు. బయటపడగానే పదవి పోయింది. ప్రేమతో రాశానన్నా ఒప్పుకోలేదు.

మూడోది అన్నిటికన్నా తీవ్రమైనది. 303లో డయోక్లీషియన్ క్రైస్తవుల లేఖనాలను కాల్చేయమని శాసనం వేశాడు. అదే సంవత్సరం మే 19న ఉత్తర ఆఫ్రికాలోని సిర్తాలో, నేటి అల్జీరియాలోని కాన్‌స్టాంటీన్‌లో, జరిగిన సోదా వివరాలు ప్రభుత్వ దస్తావేజుగా మిగిలాయి. అధికారి ఆలయానికి వచ్చి పుస్తకాలు తెమ్మన్నాడు. అవి సంఘంలో లేఖనాలు చదివి వినిపించే పఠకుల ఇళ్లలో ఉన్నాయి అన్నారు. ఒక ఉపపరిచారకుడు చాలా పెద్ద గ్రంథం ఒక్కటి తెచ్చిచ్చాడు. పఠకులు ఎవరో చూపించమంటే, "మేం ద్రోహులం కాము, చంపించండి" అని ఇద్దరు జవాబిచ్చారు. తరవాత ఇల్లిల్లూ తిరిగారు. ఒక వ్యాకరణ పండితుడి ఇంట్లో రెండు గ్రంథాలు, కుట్టని నాలుగు కట్టలు దొరికాయి. ఇంకో ఇంట్లో భర్త లేడు, భార్య ఆరు గ్రంథాలు తెచ్చిచ్చింది.

ఆ రోజు ఒక పఠకుడి స్థానంలో ఉండి ఆలోచించండి. అధికారి గుమ్మంలో ఉన్నాడు. ఏది ఇచ్చేస్తే ద్రోహం, ఏది ఇచ్చినా పరవాలేదు? కార్తేజి బిషప్ మెన్సూరియస్ లేఖనాలను తన ఇంట్లో దాచి, ఆలయంలో తప్పుడు బోధకుల పుస్తకాలు పెట్టి ఉంచాడు. సైనికులు వాటినే పట్టుకుపోయారు. ఏవి దాచాలో తెలియాలంటే పట్టిక మనసులో ఉండాలి కదా! పుస్తకాలు అప్పగించినవారి మీద పుట్టిన కోపమే డొనాటిస్టుల చీలికగా వంద ఏళ్లకు పైగా ఆఫ్రికా సంఘాన్ని రెండుగా ఉంచింది. పట్టికను పండితుల గదిలో పుట్టిన విషయంగా మాత్రమే చెప్పేవారు సిర్తా దస్తావేజును ఒక్కసారి చదవాలి.

విశాఖ అల

సిర్తా సంగతి నాకు అసలు తెలియదు మాస్టారూ. ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. 27 అన్న సంఖ్య మొదట ఎక్కడ కనబడింది?

పాతప్రతులు

మన చేతిలో ఉన్న 27 పుస్తకాలనే, ఎక్కువా తక్కువా లేకుండా, చెప్పిన మొదటి స్పష్టమైన పట్టిక అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్‌ది. ఆ ఊరి బిషప్పులు ఏటా ఈస్టరు తేదీ ప్రకటిస్తూ ఈజిప్టు సంఘాలకు ఉత్తరం రాసేవారు. 367లో రాసిన 39వ ఉత్తరంలో ఈ పట్టిక ఉంది. వీటికి ఎవరూ కలపకూడదు, వీటినుంచి ఎవరూ తీయకూడదు అన్నాడు.

తెనాలి చదువరి గారూ, మీ ఇంటి వాదానికి పనికొచ్చేది ఇదే ఉత్తరంలో ఉంది. కొత్త నిబంధనలో మన లెక్కతో సరిగ్గా కలిసిన ఆ అతనాసియస్ పాత నిబంధనలో ఎస్తేరును వదిలేశాడు, బారూకును చేర్చాడు. ఎస్తేరు, యూదితు, తోబీతు, సొలోమోను జ్ఞానం, సీరా జ్ఞానం, 'కాపరి' వంటివి కొత్తగా విశ్వాసంలోకి వచ్చేవారికి చదివించడానికి మంచివి అని వేరే వరుసలో పెట్టాడు. అంటే ఆయన పాత నిబంధన మీ 66తోనూ కలవదు, వాళ్ల 73తోనూ కలవదు.

హీబ్రూ విద్యార్థి

పాత నిబంధన దగ్గరికి వచ్చారు కాబట్టి నేను అందుకుంటాను.

క్రీ.శ. 90 ప్రాంతంలో యాబ్నేలో యూదు రబ్బీలు సభ పెట్టి హీబ్రూ పట్టికను మూసేశారని చాలా పుస్తకాల్లో, మన బైబిలు కళాశాలల నోట్సుల్లో కూడా ఉంటుంది. 1871లో హైన్‌రిక్ గ్రెట్స్ అనే చరిత్రకారుడు చేసిన ప్రతిపాదన అది. 1964లో జాక్ లూయిస్ ఆధారాలన్నీ తిరిగి పరిశీలించి, అక్కడ అలాంటి సభ జరిగిందనడానికి సాక్ష్యం లేదని చూపించాడు. అక్కడ జరిగినవి గురువుల చర్చలు, అవీ ఒకటి రెండు పుస్తకాల మీద. యూదుల ధర్మ సంకలనమైన మిష్నాలో యాదయీమ్ భాగంలో పరమగీతం, ప్రసంగి పవిత్ర లేఖనాలేనా అన్న తర్జనభర్జన ఉంది. రబ్బీ అకీబా లేచి, లేఖనాలన్నీ పవిత్రమే గాని పరమగీతం అతిపరిశుద్ధం అన్నాడు. యెహెజ్కేలు గ్రంథం తోరాతో (మోషే ధర్మశాస్త్రంతో) పొసగడం లేదని పక్కన పెట్టబోతే, హనన్యా అనే పండితుడు మేడగదిలో కూర్చుని 300 జాడీల దీపం నూనె ఖర్చయ్యేదాకా చదివి పొంతన కుదిర్చాడని యూదు గురువుల చర్చల గ్రంథం తల్మూదు చెబుతుంది. ఒక పుస్తకాన్ని వదులుకోలేక అంత శ్రమ పడ్డ మనిషి మీద నాకు గొప్ప గౌరవం.

పట్టిక మెట్లు మెట్లుగా పెరిగింది. క్రీ.పూ. రెండో శతాబ్దం చివరలో సీరా గ్రంథాన్ని గ్రీకులోకి తెచ్చిన మనవడు ముందుమాటలో ధర్మశాస్త్రం, ప్రవక్తలు, మిగతా గ్రంథాలు అంటాడు. మూడో భాగానికి ఇంకా పేరు కూడా కుదరలేదు. లూకా 24:44లో మోషే ధర్మశాస్త్రం, ప్రవక్తలు, కీర్తనలు అని ఉంటుంది. మొదటి శతాబ్దం చివర జోసీఫస్ మా గ్రంథాలు 22 అంటాడు. అదే రోజుల నాటి ఎజ్రా దర్శనం 24 అంటుంది. 1947 నుంచి మృతసముద్రం దగ్గర కుమ్రాను గుహల్లో దొరికిన చుట్టల్లో ఎస్తేరు ఒక్క ముక్క కూడా లేదు. తోబీతు ఉంది, సీరా ఉంది, హనోకు, జూబిలీలు చాలా ప్రతులున్నాయి. యేసు కాలంలో ధర్మశాస్త్రం, ప్రవక్తలు గట్టిపడ్డాయి గాని, అంచు ఇంకా తడిగానే ఉందని దీన్నిబట్టి తెలుస్తుంది.

గుణదల గంట

నేను ఆర్‌.సి.ఎం. వాణ్ణి, కాబట్టి మా వైపు సంగతి చెబుతాను, మా వాళ్లకు ఇబ్బందిగా ఉండేవి కూడా దాచకుండా.

తొలి క్రైస్తవుల్లో అత్యధికులు పాత నిబంధనను గ్రీకులో చదివారు. ఆ గ్రీకు సంపుటాల్లో తోబీతు, యూదితు, జ్ఞానగ్రంథం మిగతావాటి మధ్యే ఉన్నాయి. 393లో హిప్పోలో, 397లో కార్తేజిలో జరిగిన ఆఫ్రికా సభలు వాటిని కలిపే పట్టిక ఇచ్చాయి. వెనక ఉన్నది ఆఫ్రికా వేదాంతి అగస్టీను. ఇవి ప్రాంతీయ సభలు, ప్రపంచ సభలు కావు. అదే కాలంలో బేత్లెహేములో కూర్చుని లాటిన్ బైబిలు తయారుచేస్తున్న జెరోము మాత్రం హీబ్రూలో ఉన్నవే ప్రమాణం, మిగతావి సంఘం మేలు కోసం చదవవచ్చు గాని సిద్ధాంతం నిలబెట్టడానికి కాదు అన్నాడు. విచిత్రం ఏమిటంటే, యూదితు ముందుమాటలో అదే జెరోము, నైసియా సభ దీన్ని లేఖనాల్లో లెక్కపెట్టిందని చదివినట్టు రాశాడు. పాతప్రతులు గారు చెప్పిన 20 తీర్మానాల్లో అది లేదు. సభలో ఎవరో దాన్ని లేఖనంగా ఉదహరించి ఉంటారన్నది ఒక ఊహ.

పశ్చిమ సంఘం వెయ్యేళ్లపాటు అగస్టీను పట్టిక వాడుతూ, జెరోము ముందుమాటలను అదే బైబిల్లో నకలు చేస్తూ వచ్చింది. ప్రొటెస్టెంటు ఉద్యమానికి ఆద్యుడైన లూథర్‌ను ఎదుర్కోవడానికి వెళ్లిన కార్డినల్ కజెటాన్ కూడా ఈ విషయంలో జెరోము పక్షమే! 1546 ఏప్రిల్ 8న ట్రెంట్ మహాసభ తీర్మానంతో మాకు వాదం ముగిసింది. కాబట్టి 1546లో చేర్చారు అనడం సరికాదు. వెయ్యేళ్లుగా ఉన్నవాటికి అప్పుడు ముద్ర పడింది.

తెనాలి చదువరి

మరి మా వైపు తీసేసింది లూథరేనా?

చరిత్ర మాస్టారు

లూథర్ తీసేయలేదు. 1534 జర్మన్ బైబిల్లో వాటిని రెండు నిబంధనల మధ్య వేరే భాగంగా పెట్టి, లేఖనంతో సమానం కావు గాని చదవడానికి మంచివి అన్నాడు. ఆయన కలం కొత్త నిబంధన మీద కూడా పడింది. 1522 అనువాదంలో హెబ్రీయులకు, యాకోబు, యూదా, ప్రకటన ఈ నాలుగింటినీ చివర పెట్టి, విషయసూచికలో వాటికి అంకె కూడా వేయలేదు. యాకోబు పత్రికను గడ్డి పత్రిక అన్నాడు. ఇంగ్లీషులో 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదంలో కూడా అపోక్రిఫా అన్న పేరుతో ఆ పుస్తకాలు ఉన్నాయి.

పుస్తకం అట్టల మధ్య నుంచి అవి నిజంగా బయటికి పోయింది పందొమ్మిదో శతాబ్దంలో. బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీలో తీవ్రమైన వివాదం జరిగి, 1826లో అపోక్రిఫా ఉన్న బైబిళ్లకు డబ్బు ఇవ్వకూడదని తీర్మానించారు. స్కాట్లండు శాఖలు పట్టుబట్టాయి. తెలుగుకు ఇది నేరుగా తగిలింది. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషన్ వారు క్రాన్, డెగ్రాంజెస్ మొదలుపెట్టిన పని నుంచి 1812లో సేరంపూరులో తెలుగు సువార్తలు అచ్చయ్యాయి. తరవాతి తెలుగు బైబిళ్లు ప్రొటెస్టెంటు మిషన్లు, బైబిలు సొసైటీల చేతుల మీదుగా వచ్చాయి. కాబట్టి మన ముత్తాతలు తెలుగులో మొదట చూసిన బైబిలే 66 పుస్తకాలది. మీ పెద్దవాళ్లకు అవి తరవాత చేర్చినట్టు అనిపించడం సహజం.

కొట్టాయం తెలుగు

కేరళలో ఉంటున్నాను కాబట్టి ఒక సంగతి. ఇక్కడి తోమా క్రైస్తవుల పాత ఆరాధన భాష సిరియాక్. ఆ భాషలోని పెషిత్తా బైబిల్లో మొదట కొత్త నిబంధన పుస్తకాలు 22 మాత్రమే. 2 పేతురు, 2 యోహాను, 3 యోహాను, యూదా, ప్రకటన లేవు. తూర్పు సిరియా సంఘం ఆరాధనలో నేటికీ ఆ అయిదింటి నుంచి పఠనాలు రావు. అంతకు ముందు సిరియాలో నాలుగు సువార్తలు విడివిడిగా కూడా కాదు, తతియాను సుమారు 170లో ఒకటిగా అల్లిన సువార్తనే చదివేవారు. ఐదో శతాబ్దంలో తియోడొరెట్ అనే బిషప్ తన పరిధిలోని సంఘాల నుంచి దాని ప్రతులు 200కు పైగా సేకరించి పక్కన పెట్టించి, నాలుగు సువార్తలు ఇచ్చాడు. 250 ఏళ్లు ఆ ప్రజలు ఆ ఒక్క సువార్తతోనే ప్రార్థించారు, హతసాక్షులయ్యారు. వారిని సగం క్రైస్తవులు అనగలమా?

ఒంగోలు యువత

హనోకు గ్రంథాన్ని కావాలని దాచేశారని మా స్నేహితులు గట్టిగా నమ్ముతారు. యూదా పత్రిక దాన్ని ఎత్తి రాసింది కదా, మరి ఎందుకు లేదు?

హీబ్రూ విద్యార్థి

యూదా 14, 15 వచనాలు హనోకు మొదటి అధ్యాయం నుంచే. తెర్తుల్లియన్ కూడా యూదా సాక్ష్యం చూపించి దాన్ని సమర్థించాడు. యూదులు దాన్ని లేఖనంగా కొనసాగించలేదు. గ్రీకు, లాటిన్ సంఘాలు నాలుగో శతాబ్దానికి వదిలేశాయి. చదివేవారు లేక నకళ్లు ఆగిపోయాయి. ఇథియోపియా సంఘం మాత్రం వదల్లేదు. వారి బైబిల్లో 81 పుస్తకాలు లెక్క, హనోకు, జూబిలీలు అందులో ఉన్నాయి. 1773లో జేమ్స్ బ్రూస్ అక్కడి నుంచే ప్రతులు యూరప్‌కు తెచ్చాడు. కోట్ల మంది సభ్యులున్న ఒక సంఘం బహిరంగంగా చదువుతున్న పుస్తకాన్ని దాచారని ఎలా అంటాం?

సండేస్కూల్ అక్క

ఇవన్నీ చదువుతుంటే నాలో ఒక బరువైన ప్రశ్న. ఇన్ని ఊళ్లు, ఇన్ని పట్టికలు, ఇన్ని అభిప్రాయాలు ఉంటే, ఇది దేవుని వాక్యం అని పిల్లలకు ఏ ధైర్యంతో చెప్పాలి?

గుణదల గంట

అక్కగారూ, మా బోధ ప్రకారం సంఘం ఒక పుస్తకాన్ని పవిత్రం చేయదు. దైవప్రేరణ ఉన్నదాన్ని గుర్తిస్తుంది. గుర్తించడానికి సమయం పట్టింది. త్రిత్వం గురించి మాటలు కుదరడానికీ అంతే సమయం పట్టింది కదా. ఇది నాకు కుంగదీసే విషయంగా తోచలేదు.

చరిత్ర మాస్టారు

నేను లూథరన్ సంఘం వాణ్ణి. మా వాళ్లు లేఖనం తనకు తానే సాక్ష్యం చెప్పుకుంటుందంటారు. నేను నమ్మేదీ అదే. అయినా చరిత్ర విద్యార్థిగా ఒక్కటి చెబుతాను. ఇన్ని భేదాలూ అంచుల్లోవే. నాలుగు సువార్తలు, కార్యములు, పౌలు పత్రికల్లో అధిక భాగం, 1 పేతురు, 1 యోహాను మీద గాల్ నుంచి అలెగ్జాండ్రియా దాకా రెండో శతాబ్దం చివరికే పెద్ద గొడవ లేదు. వాళ్లందరినీ ఒప్పించే పోపు గానీ చక్రవర్తి గానీ అప్పుడు లేడు. 180లో కార్తేజిలో స్కిల్లీ ఊరి క్రైస్తవులను విచారిస్తూ, నీ పెట్టెలో ఏమున్నాయని గవర్నరు అడిగితే, వారిలో స్పెరాతుస్ అనేవాడు "గ్రంథాలు, నీతిమంతుడైన పౌలు పత్రికలు" అన్నాడు. ఆ రోజే చంపేశారు. ఎవరూ పట్టిక ఇవ్వకుండానే వాళ్ల పెట్టెలోకి ఆ పత్రికలు చేరాయి. పెద్ద పిల్లలకు ఈ సంగతులు దాచకుండా చెప్పండి. పదిహేనేళ్లకు వీడియోల్లో అడ్డదిడ్డంగా వినడం కన్నా పన్నెండేళ్లకు మీ నోట వినడం మేలు.

విశాఖ అల

హెబ్రీయులకు పత్రిక మీద కూడా గొడవ జరిగిందని పైన వచ్చింది. అది చివరికి ఎలా నిలిచింది?

పాతప్రతులు

తూర్పున పౌలుదని ఒప్పుకున్నారు. సుమారు 200 నాటి పపైరస్ సంపుటిలో రోమీయులకు పత్రిక వెంటనే ఇదే ఉంది. పడమట తెర్తుల్లియన్ బర్నబా రాశాడన్నాడు, రోము వారు చాలాకాలం సందేహించారు. భాష పౌలుది కాదు, భావాలు గొప్పవి, రాసింది ఎవరో నిజంగా దేవునికే తెలుసు అన్నాడు మూడో శతాబ్దపు పండితుడు ఒరిజెన్. నాలుగో శతాబ్దం చివర జెరోము, అగస్టీను ఇద్దరూ తూర్పు సంఘాల వాడుకను గౌరవించి ఒప్పుకున్నారు. ప్రకటన విషయంలో దీనికి తలకిందులు: పడమర మొదటినుంచీ చేర్చుకుంది, తూర్పు తటపటాయించింది. మూడో శతాబ్దంలోనే అలెగ్జాండ్రియా బిషప్ డయొనీసియస్, గ్రీకు శైలి చూపించి, ఇది సువార్త రాసిన యోహానుది కాదన్నాడు. అయినా పుస్తకాన్ని తోసిపుచ్చే సాహసం చేయను, చాలామంది సోదరులు దాన్ని ప్రేమిస్తున్నారు అన్నాడు. చివరికి అటువారు ఇటువారిది, ఇటువారు అటువారిది తీసుకున్నారు.

తెనాలి చదువరి

అందరికీ కృతజ్ఞతలు. ఇద్దరి మాటలోనూ సగం సగం ఉందని ఇప్పుడు ఇంట్లో ఆధారాలతో చెప్పగలను. ఆ ఏడు పుస్తకాల్లో దేనితో మొదలుపెట్టమంటారు? సిద్ధాంతం కోసం కాదు, కొత్త నిబంధన బాగా అర్థం కావడానికి.

హీబ్రూ విద్యార్థి

1 మక్కబీయులు తీసుకోండి. యోహాను 10:22లో యెరూషలేములో ఆలయ ప్రతిష్ఠిత పండుగ, శీతకాలం అని ఉంటుంది. 66 పుస్తకాల పాత నిబంధనలో ఆ పండుగ ఎక్కడా కనబడదు. క్రీ.పూ. 164లో యూదా మక్కబీ అపవిత్రమైన ఆలయాన్ని శుద్ధిచేసి బలిపీఠం తిరిగి ప్రతిష్ఠించిన కథ 1 మక్కబీయులు 4లో ఉంది. అది చదివాక 2 మక్కబీయులు 7లో తల్లి, ఏడుగురు కొడుకుల ఘట్టం చదవండి. ఆ పక్కన హెబ్రీయులకు 11:35 తెరిచి పెట్టుకోండి. మేలైన పునరుత్థానం కోసం విడుదల వద్దని యాతన పడ్డవారు అన్న మాట ఎవరిని తలచుకుని రాసిందో తెలుస్తుంది.